ఎండిన రబ్బరు: అనంతపురం రోడ్ల మీద పాత కార్ల బుష్‌లు

స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు చక్రం దగ్గర 'టక్'మని ఒక చప్పుడు. బ్రేకు తొక్కితే స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. హైవే మీద ఎనభైలో వెళ్తుంటే బండి తిన్నగా పోదు, అదేపనిగా స్టీరింగు సర్దుతూ ఉండాలి. పదేళ్లు దాటిన కారు ఉన్న ఇంట్లో ఈ మూడింటిలో ఒక్కటైనా ఎరగనివాళ్లు అరుదు. దానికి చేయించే వైద్యం కూడా దాదాపు అందరిదీ ఒకటే. ముందు వీల్ అలైన్‌మెంటు, తగ్గకపోతే షాక్ అబ్జర్బర్లు, అప్పటికీ తగ్గకపోతే కొత్త టైర్లు. ఇంత ఖర్చయ్యాకా చప్పుడు పోకపోతే 'పాత బండి, ఇంతేలే' అని సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అసలు లోపం పిడికిట్లో ఇమిడే రబ్బరు బుష్‌లో ఉంటుంది. దాని వంక ఎవరూ చూసి ఉండరు.

అనంతపురం లాంటి చోట ఈ సంగతిని ప్రత్యేకంగా పట్టించుకోవాలి. ఇక్కడి ఎండ, దుమ్ము, రోడ్లు కలిసి బుష్‌ను పాడుచేసే తీరు కోస్తాలో కనిపించే తీరు కాదు. ఎప్పుడు మార్చాలి, ఏ సామాను వేయాలి, ఎలా బిగించాలి అన్న మూడు ప్రశ్నలకూ జవాబు ఈ నేలను బట్టే చెప్పుకోవాలి.

బుష్ అంటే రెండు ఇనుప గొట్టాలు, వాటి మధ్య కరిపించి అతికిన రబ్బరు. బయటి గొట్టం సస్పెన్షన్ ఆర్మ్‌లో బిగుసుకుని ఉంటుంది. లోపలి గొట్టంలోంచి బోల్టు దూరి ఆర్మ్‌ను బండి చట్రానికి పట్టిస్తుంది. చక్రం గుంతలో పడి లేచినప్పుడు ఆర్మ్ పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపులో బుష్ లోపల ఏదీ జారదు, రాసుకోదు. రబ్బరే కాస్త మెలితిరిగి, తిరిగి తన స్థితికి వస్తుంది. రోడ్డు అదురును మింగేదీ అదే, చక్రాన్ని దాని చోటు నుంచి కదలనివ్వనిదీ అదే. మోకాలి గుజ్జు అరిగినవాళ్లకు ఎముకా ఎముకా రాసుకున్నట్టు, రబ్బరు పోయిన బుష్‌లో ఇనుమూ ఇనుమూ కొట్టుకుంటాయి.

గంధకంతో కలిపి వేడిచేసి రబ్బరును గట్టిపరిచే పద్ధతిని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. అయినా కార్ల కీళ్లలోకి రబ్బరు రావడానికి చాలా కాలం పట్టింది. అంతకుముందు ఇనుప పిన్ను, లోహపు బుష్, వాటి మధ్య గ్రీజు ఉండేవి. విల్లీస్ జీపుల కమాన్ల షాకిళ్లకు కూడా గ్రీజు నిపుళ్లే. అంబాసిడర్, ఫియట్ కార్లకు ముందు భాగంలో గ్రీజు పట్టించాల్సిన చోట్లు ఉండేవి. డ్రైవరుకు గ్రీజు గన్ పట్టడం స్టీరింగు పట్టడంతో పాటే వచ్చిన విద్య. 1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కాక ఆ కాలం మెల్లగా వెనకబడింది. రబ్బరు బుష్‌లకు గ్రీజు అక్కర్లేదు. గ్రీజు పెట్టే పని తప్పినందుకు అందరూ సంతోషించారు. దాంతోపాటు అప్పుడప్పుడూ బండి కిందికి దూరి చూసే అలవాటు కూడా పోయింది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మారుతి 800 ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ఇప్పటికీ తిరుగుతున్న బండ్లన్నీ పదేళ్లు దాటినవే. దాని ముందు సస్పెన్షన్‌ను గమనిస్తే బుష్‌ల విలువ ఇట్టే అర్థమవుతుంది. లోయర్ ఆర్మ్ లోపలి కొసన ఒకే బుష్. ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా ఆపే పని స్టెబిలైజర్ బార్‌ది. పెద్ద కార్లలో ఆ బార్ మలుపుల్లో ఒరగకుండా కాచే సాయగాడు మాత్రమే. 800లో అదే చక్రాన్ని నిలబెట్టే కడ్డీ కూడా. అందుకే ఈ బండిలో బార్ కొసన ఉన్న రబ్బర్లు నలిగిపోతే చప్పుడుతో ఆగదు, బ్రేకు తొక్కిన ప్రతిసారీ చక్రం వెనక్కి జరుగుతుంది. కొన్ని వందల రూపాయల సామాను అది. మార్చకపోతే బ్రేకు మీద నమ్మకమే పోతుంది.

బొలెరో, క్వాలిస్ లాంటి బండ్లలో వెనక కమాన్లు ఉంటాయి. ఆ కమాన్ల చెవుల్లో, షాకిళ్లలో ఉండే బుష్‌లు పోతే బండి వెనక భాగం పక్కకు తోసినట్టు అనిపిస్తుంది. 2005లో వచ్చిన ఇన్నోవాలో కమాన్లు లేవు. వెనక యాక్సిల్‌ను నాలుగు లింకు కడ్డీలు, ఒక అడ్డకడ్డీ పట్టి ఉంచుతాయి. అయిదు కడ్డీలకు రెండేసి కొసలు, పది బుష్‌లు. అయిదారు లక్షల కిలోమీటర్లు తిరిగిన ట్యాక్సీల్లో ఈ పదిలో కొన్ని మాత్రమే మార్చి, మిగిలినవాటిని వదిలేసి, 'ఇంకా ఊగుతోంది' అని మళ్లీ షెడ్డుకు రావడం మామూలే.

ఇక నేల సంగతి. 2022 ఏప్రిల్‌లో శ్రీసత్యసాయి జిల్లా విడిపోయినా, పాత అనంతపురం జిల్లా అంతటా వాతావరణం ఒక్కటే. పడమటి కనుమల వాన నీడలో ఉన్న ఈ మెట్ట మీద ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లా అన్న పేరు దీనికి ఎప్పటినుంచో ఉంది. ఎన్.పి.కుంట దగ్గర సోలార్ పార్కు పెట్టింది ఇక్కడి ఎండను చూసే. వేసవిలో గాలి 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం తారు రోడ్డు 60 డిగ్రీల దాకా కాలుతుంది. ఆ సెగ మీద, సైలెన్సర్ గొట్టం పక్కన వేలాడుతూ బతికేవి బుష్‌లు. వేడి పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముసలిదయ్యే వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రబ్బరు ఇంజినీర్లు ఒక మోటు లెక్క వాడతారు. ముసలిదైన రబ్బరు గట్టిపడుతుంది. గట్టిపడితే మెలితిరగలేదు, మెలితిరగలేక చిట్లుతుంది.

వేడి కంటే కనిపించని శత్రువు ఓజోన్. గాలిలో పది కోట్ల పాళ్లకు కొద్ది పాళ్లు ఉన్నా చాలు, సహజ రబ్బరును అది కోస్తుంది. ఒక చిత్రం ఏమిటంటే, సాగకుండా ఊరికే ఉన్న రబ్బరును ఓజోన్ పగలగొట్టలేదు. సాగి, లాగుడు మీద ఉన్న చోటే పట్టుకుంటుంది, లాగుడుకు అడ్డంగా పగుళ్లు తెస్తుంది. దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, బుష్ వయసును కిలోమీటర్లతో కొలవకూడదు. బెంగళూరు నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ కార్ల గురించి 'పదిహేనేళ్లలో ముప్పై వేలే తిరిగింది' అని గొప్పగా చెబుతారు. ఇంజిన్‌కు అది మంచి మాటే. రబ్బరుకు మాత్రం పదిహేనేళ్లు పదిహేనేళ్లే. రెండోది బిగింపుకు సంబంధించింది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

దుమ్ము కూడా తక్కువది కాదు. కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డున ఇసుక మేటలు పొలాల్లోకి పాకిన సంగతి తెలిసిందే. మిగతా చోట్ల ఎర్రనేల గాలికి లేస్తుంది. స్టెబిలైజర్ బార్‌ను పట్టి ఉంచే బుష్ మామూలు బుష్ లాగా అతికినది కాదు. అందులో బార్ కొంచెం తిరుగుతుంది కాబట్టి, మధ్యలోకి ఇసుక చేరిందంటే ఆకురాయి పెట్టి రుద్దినట్టే అరిగిపోతుంది. ఇక్కడి బండ్లలో ముందు పోయేది ఎక్కువగా ఇదే. మార్చడానికి అన్నిటికంటే చౌక, సులువు కూడా ఇదే కాబట్టి చప్పుడు వినిపించగానే మొదట దీన్ని చూడటం తెలివైన పని.

అయితే ఈ కరువు నేల ఒక మేలు కూడా చేస్తుంది. మచిలీపట్నంలోనో విశాఖలోనో ఉప్పుగాలికి బుష్ లోపలి గొట్టం, బోల్టు తుప్పు పట్టి ఒకటైపోతాయి. గ్యాస్ కట్టర్ లేనిదే ఊడిరావు. అనంతపురంలో పాతికేళ్ల బండి బోల్టు కూడా చాలాసార్లు మామూలు స్పానర్‌కు లొంగుతుంది. ఇక్కడ ఇనుము నిలుస్తుంది, రబ్బరు పోతుంది. ఆర్మ్ మొత్తం పారేయకుండా బుష్ ఒక్కటీ మార్చుకోవడం ఇక్కడ అనువైన పని కావడానికి కారణం అదే.

రోడ్ల గురించి చెప్పకపోతే లెక్క పూర్తి కాదు. జిల్లాను ఈ కొస నుంచి ఆ కొసకు చీల్చుకుంటూ పోయే 44వ జాతీయ రహదారి నున్నగా ఉంటుంది. దాన్ని దిగి కళ్యాణదుర్గం వైపో, మడకశిర వైపో ఊళ్లలోకి మళ్లితే స్పీడ్ బ్రేకర్లు మొదలు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో బండి సాఫీగా దాటాలి. ఊళ్లవాళ్లు పిల్లల కోసం, పశువుల కోసం సొంతంగా వేసుకునే సిమెంటు కట్టకు ఎత్తు ఉంటుంది, వెడల్పు ఉండదు. వాళ్ల భయమూ, వాళ్ల అవసరమూ న్యాయమైనవే. కానీ ముందు చక్రం దాని మీంచి దబ్బున దిగినప్పుడల్లా లోయర్ ఆర్మ్ బుష్‌కు పడే దెబ్బ మాత్రం గట్టిది. గుత్తి, తాడిపత్రి వైపు నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంటే రోడ్డు అలలు తేలుతుంది. ఆ అలల మీద బుష్ క్షణం కూడా తీరిక లేకుండా ఊగుతుంది.

బుష్ పోయిందని తెలుసుకోవడం ఎలా? 'టక్' చప్పుడు ఒక్కటే రుజువు కాదు. అదే చప్పుడు స్టెబిలైజర్ లింక్ చేయొచ్చు, స్ట్రట్ మౌంటింగ్ చేయొచ్చు, బాల్ జాయింట్ చేయొచ్చు. వీటిలో బాల్ జాయింట్ ప్రాణాల మీదికి తెచ్చేది. అది పూర్తిగా విడిపోతే చక్రం బయటికి ఒరిగి, బండి అక్కడే కూలబడుతుంది. అందుకే చప్పుడు విన్న రోజున ముందు దాన్ని తేల్చుకోవాలి. బుష్‌కు వస్తే, ఆర్మ్‌కూ చట్రానికీ మధ్య లివర్ దూర్చి కదిపి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న బుష్ కొద్దిగా లొంగి, చేయి తీయగానే వెనక్కి వస్తుంది. పోయినది ఒకేసారి జరిగి, ఇనుము తగిలినట్టు ఆగుతుంది. టార్చ్ వేసి చూస్తే రబ్బరు చుట్టూ పగుళ్లు, ఇనుము నుంచి విడిపోయిన అంచు కనిపిస్తాయి. పైపైన సన్నని గీతలుంటే కంగారుపడక్కర్లేదు. పగులులోకి గోరు దిగితే మార్చాల్సిందే. చిట్లకుండా రాయిలా గట్టిపడినవి మాత్రం ఈ పరీక్షలన్నీ దాటేస్తాయి. బండి మునుపటి కంటే మొరటుగా, అదురుతూ నడుస్తుంటే ఆ అనుమానం పెట్టుకోవాలి.

అలైన్‌మెంటు యంత్రం ఇక్కడ మోసపుచ్చుతుంది. అది కారు నిలబడి ఉన్నప్పుడు కోణాలు కొలుస్తుంది. నలిగిన బుష్ నిలబడినప్పుడు బుద్ధిగానే ఉంటుంది, బ్రేకు పడినప్పుడు, మలుపు తిరిగినప్పుడు జరుగుతుంది. కాగితం మీద అంకెలన్నీ పచ్చగా కనిపిస్తూనే టైరు ఒక అంచున అరిగిపోతుంటుంది. ఎంత అరుగుతుందో లెక్క కట్టొచ్చు. ఒక చక్రం తిన్నని దారికి అర డిగ్రీ వంకరగా ఉంటే కిలోమీటరుకు దాదాపు 9 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. అనంతపురం నుంచి బెంగళూరుకు రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కసారి వెళ్లేసరికి ఆ టైరు కిలోమీటరున్నరకు మించి అడ్డంగా రోడ్డును రాసుకున్నట్టే. నాలుగు టైర్ల ధర ముందు బుష్‌ల ధర ఎంత? బుష్ మార్చకుండా అలైన్‌మెంటు చేయించడం డబ్బు వృథా. మార్చాక చేయించకపోవడం అంతకంటే పెద్ద వృథా.

మార్చే పని చూడటానికి సులువుగానే ఉంటుంది. జాకీ వేసి, చక్రం తీసి, బాల్ జాయింట్ విడదీసి, బోల్టులు ఊడదీస్తే ఆర్మ్ చేతికొస్తుంది. పాత బుష్‌ను ప్రెస్ మీద నొక్కి బయటికి తీయాలి, కొత్తదాన్ని ప్రెస్ మీదే ఎక్కించాలి. ప్రెస్ లేని షెడ్డువాళ్లు లేత్ అంగడికి పంపుతారు, అది మంచి పద్ధతి. సుత్తితో కొట్టి ఎక్కిస్తే బయటి గొట్టం సొట్టపోతుంది, రబ్బరు అతుకు మొదటి రోజే వదులవుతుంది. కొన్ని బుష్‌ల రబ్బరులో కావాలనే ఖాళీలు వదులుతారు, ఒక దిక్కున మెత్తగా, ఇంకో దిక్కున గట్టిగా ఉండటానికి. పాతది తీసేముందే ఆ ఖాళీలు ఏ వైపున్నాయో ఆర్మ్ మీద గీత గీసుకోవాలి. దిక్కు మారితే కొత్త బుష్ వేసినా బండి గుణం చెడుతుంది. సులువుగా దూరుతుందని గ్రీజు రాయడం మరో పొరపాటు. సహజ రబ్బరుకు నూనె, గ్రీజు విషం. ఉబ్బి మెత్తబడి చీలిపోతుంది. సబ్బు నీళ్లు చాలు.

ఇంతవరకూ జాగ్రత్తగా చేసిన పని కూడా చెడేది ఒక్క చోట, చివరి బిగింపు దగ్గర. జాకీ మీద ఉన్నప్పుడు చక్రం కిందికి వేలాడుతుంటుంది. ఆర్మ్ పొడవు 30 సెంటీమీటర్లు, వేలాడే దూరం ఏడెనిమిది సెంటీమీటర్లు అనుకుంటే, ఆర్మ్ దాదాపు 15 డిగ్రీలు కిందికి వంగి ఉన్నట్టు. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే బుష్ లోపలి గొట్టం అక్కడే చట్రానికి పట్టేసుకుంటుంది. కారును కిందికి దించగానే ఆర్మ్ 15 డిగ్రీలు పైకి తిరుగుతుంది, రబ్బరు అంత మేర మెలిపడి ఆగుతుంది. ఇక అది నిద్రలో కూడా మెలికలోనే ఉంటుంది. గుంతలో పడినప్పుడు మరింత మెలి. కారు షెడ్డులో కదలకుండా ఉన్నా లాగుడు తీరదు. ఓజోన్ పట్టుకునేది లాగుడు మీదున్న రబ్బరునే అని పైన అనుకున్నాం కదా. 'కంపెనీ సామానే వేశాం, ఏడాది కూడా ఆగలేదు' అన్న ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం సామాను నాణ్యతలో లేదు, ఈ బిగింపులో ఉంది.

చేయాల్సింది చిన్న పని. బోల్టులను చేతి బిగువుకు మాత్రమే ఎక్కించి, బండిని చక్రాల మీదికి దించి, నాలుగుసార్లు నొక్కి ఊపి, బరువంతా చక్రాల మీద ఉన్నప్పుడు చివరి బిగింపు వేయాలి. గుంత ఉన్న షెడ్డులో ఇది ఎంతో తేలిక. బండి నేల మీదే ఉంటుంది, మెకానిక్ కిందినుంచి బిగిస్తాడు. రెండు స్తంభాల లిఫ్టు ఉన్న ఆధునిక వర్క్‌షాప్‌లో చక్రాలు వేలాడుతుంటాయి కాబట్టి, ఆర్మ్ కింద జాకీ పెట్టి బండి మామూలు ఎత్తుకు తెచ్చి బిగించాలి. ఆ శ్రమ పడకపోతే పాతకాలం గుంత షెడ్డులో జరిగిన పనే మేలు.

సామాను ఎంపికలో మన ఊళ్లలో కనిపించే దారులు చాలానే. గుజిరీ అంగట్లో పాత బండి నుంచి తీసిన ఆర్మ్ కొనడం ఒకటి. అది ఇనుముకు పనికొస్తుంది, రబ్బరుకు కాదు. అదే ఎండలో అన్నేళ్లూ ఎండిన రబ్బరు అది. నైలాన్ కడ్డీని లేత్ మీద చెక్కించి బుష్ చేయించడం ఇంకొకటి. బరువు మోసే బండ్ల కమాన్ల షాకిల్‌లో అది కొంతకాలం పనిచేస్తుంది. లోయర్ ఆర్మ్‌లో వేస్తే రోడ్డు దెబ్బ నేరుగా చట్రానికి తగులుతుంది, అక్కడి రేకు చిట్లుతుంది. మరీ చౌక లోకల్ బుష్‌లు కొత్తలో బాగానే ఉంటాయి, వాటి రబ్బరులో ఓజోన్‌ను, వేడిని ఆపే మందులు ఎంత కలిపారన్నది బయటికి కనిపించదు.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్నది పాలీయురిథేన్ బుష్. ఒట్టో బాయర్ బృందం 1937లో జర్మనీలో కనిపెట్టిన పదార్థం అది. ఓజోన్‌కు, నూనెకు రబ్బరు కంటే బాగా తట్టుకుంటుంది. ఆ లెక్కన ఈ ఎండకు సరిపోయేదే అనిపిస్తుంది. కానీ చాలా పాలీ బుష్‌లు రబ్బరు లాగా మెలితిరగవు, లోపలి గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతాయి. జారాలంటే ప్రత్యేకమైన గ్రీజు కావాలి, గ్రీజు ఉన్న చోట దుమ్ము అంటుకుంటుంది, కీచుమంటుంది, అరుగుతుంది. వెనక బీమ్ యాక్సిల్ ఉన్న స్విఫ్ట్ లాంటి కార్లలో బుష్ ఒక్క దిక్కున కాక అన్ని దిక్కులా వంగాలి. గట్టి పాలీ అక్కడ అడ్డం పడుతుంది. రేసు బండికి అది తగినది. హిందూపురం నుంచి ధర్మవరానికి సంసారాన్ని ఎక్కించుకుని వెళ్లే కారుకు మంచి రబ్బరు బుష్‌ను మించింది లేదు.

అసలు ఇంత పాత బండి మీద ఖర్చు పెట్టడం దండగ కాదా అని అడిగేవాళ్లున్నారు. 15 ఏళ్లు దాటిన సొంత కారు రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. ఇంత కట్టి అయిదేళ్లు నడపడానికి సిద్ధపడినవాళ్లకు బుష్‌ల ఖర్చు పెద్దది కాదు. చట్రం తుప్పు పట్టి, ఇంజిన్ పొగ కక్కుతున్న బండికి మాత్రం బుష్‌లు వేయడం నిజంగానే దండగ. ఇది పాత బండ్ల గొడవ మాత్రమే అనుకోవడమూ సరికాదు. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా ఫ్యాక్టరీ నుంచి 2019లో బయటికొచ్చిన తొలి సెల్టోస్‌లు కూడా ఈ ఎండలో ఏళ్లు గడిపేశాయి. వాటి బుష్‌లు చూడాల్సిన వేళ కూడా దగ్గరపడింది.

అనంతపురం బండి ఉన్నవాళ్లు పదేళ్లు దాటాక ఏడాదికోసారి, వేసవి వెళ్లాక, కారు కింద టార్చ్ వేయించి చూడండి. పోయిన బుష్‌ను రెండు వైపులా జతగా మార్పించండి. ఊడదీసిన పాత బుష్‌ను అడిగి తీసుకుని చూడండి, రబ్బరు ఇనుము నుంచి విడిపోయి ఉంటే ఖర్చు సార్థకమే. చక్రాలు నేలమీద ఆనేదాకా చివరి బోల్టు బిగించవద్దని మెకానిక్‌కు ముందే చెప్పి, ఆ బిగింపు అయ్యేదాకా అక్కడే ఉండండి. షెడ్డు నుంచి నేరుగా అలైన్‌మెంటుకు తీసుకెళ్లండి.